కాన్పు సెలవు

చిరంజీవి అబ్బాయికి, అమ్మ ముందు దీవించి, ఆ చేత్తోనే చెవి మెలిపెట్టి రాయిస్తున్న ఉత్తరం.

ఇక్కడ మేమందరం క్షేమం. నువ్వు కూడా క్షేమంగా ఉన్నావనే అనుకుంటున్నాను. ప్రతి ఉత్తరంలోనూ మొదటి వరుసలో ఇదే రాయిస్తాను, నువ్వు దాన్ని గబగబా దాటేసి కింద విశేషాలు వెతుక్కుంటావు. ఈసారి దాటకు. ఇవాళ మేం క్షేమంగా ఉన్నాం. వచ్చే ఏడాది కూడా ఈ మాటే రాయించాలని నా కోరిక. దానికి నువ్వే అడ్డం పడేట్టున్నావు. అందుకే పిండి పని పక్కన పెట్టి కూర్చున్నాను.

రాస్తున్నది నీ పెళ్ళామే. చేతిరాత చూడగానే పోల్చుకునే ఉంటావు. నాకు అక్షరం ముక్క రాదు, వీధిలో ఎవరినైనా పిలిచి రాయిద్దామంటే ఇంటి సంగతి ఊరంతా టముకు వేసినట్టవుతుంది. ఓడకి ఫోను చేద్దామా అంటే ఆ సరంగు, డెక్కు మీద పెత్తనమంతా తనదే అన్నట్టు, నీ పక్కనే నిలబడి చెవులు రిక్కించి వింటాడట కదా. కాబట్టి ఉత్తరమే గతి. "అమ్మాయ్, నేను అన్నది అన్నట్టే రాయాలి. మధ్యలో నీ మర్యాదలు కలపకు" అని ముందే చెప్పాను. "అలాగే అత్తయ్యా" అంది. ఎక్కడైనా మెత్తగా అనిపిస్తే అది దాని చెయ్యి, నా నోరు కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు చెప్పేస్తాను.

రొట్టెల బట్టీ తలుపు బాగు చేయించారా అని అడిగావు. చేయించాం. కొత్త మడత బందులు వేశాడు. ఇప్పుడు మూస్తే మూసుకుంటుంది, తీస్తే ఊడిపోవడం లేదు. పిండి పిసకడానికి మనిషిని పెట్టుకోమన్నావు. పెట్టాను. మనిషి మంచివాడే కానీ పిసుకుతున్నంతసేపూ పాటలు పాడతాడు, పాట విషాదంగా ఉంటే చెయ్యి నెమ్మదిస్తుంది. నిన్న రొట్టెలు పొంగలేదు. "ఏం పాడావురా?" అని అడిగాను. తల దించుకున్నాడు.

గుండుగాడు నాన్నా అంటున్నాడా అన్నావు. అంటున్నాడు. నీకున్నట్టు నీలం చొక్కా వేసుకున్న ప్రతివాణ్ణీ అంటున్నాడు. మొన్న పిండి మూటలు దించడానికి వచ్చినవాడి కాళ్ళు పట్టుకుని "నాన్నా" అని వదల్లేదు. పాపం, పెళ్ళికాని మనిషి, సిగ్గుతో మూట కాలి మీద పడేసుకున్నాడు. నవ్వాం. నవ్వాక నీ పెళ్ళాం లోపలికెళ్ళి కాసేపు బయటికి రాలేదు. అది కూడా రాయమన్నాను. రాసిందో లేదో.

చంటిది, మన పిట్ట, బాగుంది. కూర్చుంటోంది. కూర్చుని ఒక పక్కకి ఒరిగిపోతుంది, మళ్ళీ కూర్చోబెడితే మనమే ఏదో తప్పు చేసినట్టు చూస్తుంది. దాని సంగతే ఇప్పుడు మాట్లాడాలి.

నీ పోయిన ఉత్తరం దాని తల్లి పేరున వచ్చింది. ఎప్పటిలాగే నాకు చదివి వినిపిస్తోంది. సగంలో ఆగింది. కాగితం మడిచేస్తూ "ఇంకేం లేదు అత్తయ్యా, మిగతాది మామూలే" అంది. ఆగిన చోటే అసలు సంగతి ఉంటుందని తెలియడానికి చదువు రానక్కర్లేదు. "చదువు" అన్నాను. చదివింది.

ఏం రాశావో నీకు నువ్వే ఒకసారి విను. "పిట్టకి ఏడాది దాటి మూడు నెలలు వచ్చేసరికి నాకు సెలవు వస్తుంది. అక్కడి నుంచి తొమ్మిది నెలలు వేసుకో. మొత్తం సరిగ్గా రెండేళ్ళు. నర్సమ్మ చెప్పిన ఎడం పాటించినట్టే. పైగా కాన్పు సెలవు కలిసొస్తుంది, మళ్ళీ వస్తాను. ముగ్గురూ ఒకేసారి పెరిగిపోతారు, ఒక పని అయిపోతుంది."

ఒక పని అయిపోతుందట! రంగు వేసినట్టు, కప్పు మరమ్మతు చేసినట్టు!

ఒరే, నీ మీద కోపం ఎంత వచ్చిందంటే, ఆ పూట రొట్టెలన్నీ ఒక చుట్టు ఎక్కువ కాల్చాను. కొన్నవాళ్ళు నమలలేక నన్ను తిట్టుకుని ఉంటారు, ఆ తిట్లన్నీ నీ ఖాతాలోవే.

కోపం దిగాక ఆలోచించాను. నువ్వు చెడ్డవాడివి కాదు. నీ కడుపులో ఉన్నది నాకు తెలుసు. ఆ ఓడ వాళ్ళు జ్వరమొచ్చినా సెలవివ్వరు, తమ్ముడి పెళ్ళన్నా ఇవ్వరు, ఇల్లు కూలినా ఇవ్వరు. పెళ్ళాం కాన్పు అంటే మాత్రం కాగితం చూసి పంపిస్తారు. అదొక్కటే మీకు తెరిచి ఉంచిన తలుపు. అందుకని మీ ఓడలో అందరూ ఆ తలుపులోంచే ఇంటికి వస్తున్నారు. ఒకడు వచ్చి వెళ్ళేసరికి ఇంకొకడు. ఈ వీధిలో పిల్లలకి వయసు చెప్పాలంటే కూడా ఫలానా సెలవులో పుట్టాడు, ఫలానా సెలవుకి కడుపులో పడింది అని ఓడ లెక్కే చెబుతారు. నువ్వు ఇంటికి రావాలనుకుంటున్నావు. పిల్లల్ని ఎత్తుకోవాలనుకుంటున్నావు. అది తప్పని ఎవరంటారు? కానీ నువ్వు కొన్ని రోజులు ఎక్కువ ఇంట్లో ఉండడానికి ఇది తొమ్మిది నెలలు మొయ్యాలా? నీ సెలవు చీటీ దీని కడుపా?

అమ్మాయి కలం ఆపి "ఇంత ఘాటుగా వద్దు అత్తయ్యా" అంటోంది. రాయి. ఘాటు లేకపోతే వాడికి ఎక్కదు. చిన్నప్పటి నుంచీ అంతే.

నీకు ఎక్కకపోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు పిట్టని గాజుపెట్టెలో చూడలేదు. నువ్వు కాన్పు రోజు లెక్కేసి సెలవు పెట్టుకున్నావు. అది ఆ లెక్క చూసుకోకుండా నెల ముందే బయటపడింది. నువ్వు వచ్చేసరికి పెట్టెలోంచి తీసి, ఇంటికి తెచ్చి, గుడ్డలు చుట్టి చుట్టి దాన్ని ఒక మనిషి ఆకారంలోకి తెచ్చాం. నువ్వు అరచేతిలో పడుకోబెట్టుకుని "చూడమ్మా, అరచేతిలో పట్టేసింది" అని నవ్వావు. ఫోటో కూడా తీయించుకున్నావు. అరచేతిలో పట్టడం ముద్దు కాదురా. అరచేతిలో పట్టకూడదు బిడ్డ.

బిడ్డ చిన్నగా ఉంది, ముందే వచ్చేసింది అని అప్పుడే నీకు కబురు చేశాం. "నా కూతురే కదా, పెరుగుతుందిలే" అని జవాబిచ్చావు. సముద్రం మీద అన్నీ పెద్దగా కనబడతాయేమో, మా మాట చిన్నగా వినబడింది.

సరే, అప్పుడు వినలేదు, ఇప్పుడు విను. దీనికి నొప్పులు మొదలైనప్పుడు ఇది రేకుల మీద పిండి సర్దుతోంది. రోజులు ఇంకా చాలా ఉన్నాయి కదా, నడుం పట్టేసిందేమో అనుకున్నాం. చివరి రేకు సర్ది "అత్తయ్యా, ఇది నడుం కాదు" అంది. ముఖం పిండి కంటే తెల్లగా ఉంది. ఆసుపత్రిలో రక్తం చూసి, ఒంట్లో రక్తమే లేదు అన్నారు. అక్కడికక్కడ ఎక్కించారు. పిట్ట పుట్టింది. ఏడుస్తుందని చూశాం. ఏడవలేదు. పిల్లికూనలాగా ఒక మూలుగు. తీసుకెళ్ళి గాజుపెట్టెలో పెట్టారు. ముక్కులో గొట్టం. చేతికి సూది. ఆ చేయి నా చిటికెన వేలంత. ఊపిరి తీస్తే పక్కటెముకల మధ్య చర్మం లోపలికి పోయేది, మళ్ళీ పైకి వచ్చేది. ఒక్కోసారి పైకి రావడం మర్చిపోయేది. అప్పుడు పెట్టె మీద దీపం ఎర్రగా వెలిగి కూత పెట్టేది, ఎవరో పరుగెత్తుకొచ్చి పాదం మీద వేలితో తట్టేవాళ్ళు. ఊపిరి తియ్యమని బిడ్డకి గుర్తుచెయ్యడం ఎక్కడైనా చూశావా?

ఆ నర్సమ్మ కోపిష్టి మనిషి. అందుకే మా ఇద్దరికీ కుదిరింది. "మొదటి బిడ్డ ఎక్కడమ్మా?" అని అడిగింది. నా చంకలో ఉన్న గుండుగాణ్ణి చూపించాను. వాణ్ణి చూసింది, పెట్టెలోకి చూసింది, మళ్ళీ వాణ్ణి చూసింది.

"వీడికింకా నడకే సరిగా రాలేదు కదమ్మా?"

"మా అబ్బాయి ఓడలో పనిచేస్తాడమ్మా. ఏడాదికోసారి వస్తాడు" అన్నాను, అదేదో గొప్ప జవాబైనట్టు.

"ఓడ వచ్చిందని ఈ పిల్ల ఒళ్ళు కోలుకుంటుందా? మొదటి బిడ్డకి ఐదు నెలలు నిండాయో లేదో మళ్ళీ కడుపు. ఒంట్లో ఉన్న బలమంతా మొదటి బిడ్డని మొయ్యడానికీ, పాలకీ పోయింది. అది మళ్ళీ చేరకముందే రెండోది వచ్చి నాకూ పెట్టమంది. లేనిచోట ఏం తింటుంది ఆ బిడ్డ? ఉన్నంత తిని, ముందే బయటికొచ్చేసింది."

"అందరికీ ఇలాగే అవుతుందా?" అని అడిగాను. ఎందుకంటే నేను గుడ్డిగా ఒప్పుకునే రకం కాదు.

"అందరికీ అవ్వదు. కొందరు గట్టిగానే పుడతారు. ఎడం ఉన్నా కొందరు ముందే పుడతారు. కానీ ఇంత దగ్గర దగ్గరగా అయితే ముప్పు ఎక్కువమ్మా. నెలలు నిండకుండా పుట్టడం, బరువు తక్కువ, తల్లికి రక్తం తక్కువ. తెలిసి తెలిసి ఎందుకు ఆ ముప్పులోకి దిగడం?" అంది.

గుండుగాడి సంగతి కూడా ఆవిడే చెప్పింది. నీకు గుర్తుందా, వాడు బొద్దుగా ఉండి ఉండి ఒక్కసారి చిక్కిపోయాడని రాయించాను? పళ్ళొస్తున్నాయేమో అనుకున్నాం. పళ్ళు కాదు. తల్లికి కడుపు రాగానే పాలు తగ్గాయి, వాడు విసుగెత్తి వదిలేశాడు, సీసా పాలకి కడుపు పాడైంది. అంటే రెండోది పుట్టి బాధపడింది, మొదటివాడు ఉన్నచోటే ఉండి బాధపడ్డాడు. ఒక తొందరకి ఇద్దరు.

పిట్టని ఇంటికి పంపేటప్పుడు తరచూ బరువు చూస్తూ ఉండమన్నారు. ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. మనకి రొట్టెల కాటా ఉంది కదా. దాని పళ్ళెం వేడినీళ్ళతో కడిగి, మెత్తటి గుడ్డ పరిచి, పిట్టని పడుకోబెట్టేవాళ్ళం. నీ పెళ్ళాం ముల్లు వైపు చూసేది కాదు, నా ముఖం వైపు చూసేది. ముల్లు పైకి పోతే నేను గట్టిగా చెప్పేదాన్ని. కదలకపోతే "కాటా చెడిపోయినట్టుంది" అనేదాన్ని. ఆ కాటా అసలు చెడిపోలేదని దానికి తెలుసు, దానికి తెలుసని నాకు తెలుసు.

ఒకరోజు అలా తూస్తూ ఉంటే రొట్టె కొనడానికి ఒకడు వచ్చాడు. గుడ్డలో ఏముందో చూడకుండా "అవ్వా, ఆ చిన్న రొట్టె నాకియ్యి, పెద్దది మాకు అయిపోదు" అన్నాడు.

తెలియక అన్నాడని నాకూ తెలుసు. అయినా రొట్టెలు తీసే పొడుగు కర్ర పట్టుకుని వీధి మలుపు దాకా తరిమాను. చెప్పు ఒకటి వదిలేసి పోయాడు, ఇప్పటికీ తీసుకెళ్ళలేదు. తిరిగొచ్చేసరికి నీ పెళ్ళాం కాటా పక్కన నేల మీద కూర్చుని ఉంది. పిట్ట పక్కన, అదే బల్ల మీద, పొద్దున కాల్చిన రొట్టె ఉంది. రెండూ చూస్తోంది. నేనూ చూశాను. ఆ తర్వాత ఆ కొలత రొట్టెలు కాల్చడం మానేశాను. కొనేవాళ్ళు అడుగుతున్నారు, అచ్చు పోయిందని చెబుతున్నాను.

ఇప్పుడు నీ లెక్క సంగతికి వద్దాం. రెండేళ్ళు అంటావు, నర్సమ్మ మాట అంటావు. నర్సమ్మ చెప్పింది నేను నా చెవులతో విన్నాను. ఒక బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఇంకో బిడ్డ కడుపులో పడేదాకా రెండేళ్ళు ఆగమంది. మరీ తక్కువంటే ఏడాదిన్నరైనా ఆగాలంది. నువ్వేం చేశావు? ఒక బిడ్డ పుట్టిన దగ్గర్నుంచి ఇంకో బిడ్డ పుట్టేదాకా వేసుకున్నావు. మొయ్యబోయే తొమ్మిది నెలలు కూడా విశ్రాంతిలో కలిపేశావు. నువ్వు బేకరీలో పుట్టి పెరిగావురా! బట్టీ ఆర్పాక ఇంత సేపు చల్లారనివ్వాలి, ఆ తర్వాతే లోపల దిగి గోడలకి మట్టి మెత్తాలి అంటే, మళ్ళీ మంట పెట్టిన సేపు కూడా చల్లారిన సేపే అంటావా? అలా అన్నవాణ్ణి మీ నాన్న బట్టీలోకే దింపేవాడు. మొయ్యడం విశ్రాంతి కాదు. మొయ్యడమే పని. అప్పుడే అన్నీ ఖర్చయ్యేది.

నువ్వొక్కడివే కాదులే. వీధిలో ఎవరిని అడిగినా ఇలాగే లెక్క చెబుతున్నారు. ఓడ లెక్క అలవాటైపోయింది. ఈ సెలవు నుంచి ఆ సెలవు దాకా, ఈ కాన్పు నుంచి ఆ కాన్పు దాకా. మధ్యలో ఆడదాని ఒంట్లో ఏం జరుగుతుందో ఓడలో ఎవరికీ కనబడదు కదా.

నీ ఉత్తరంలో సరంగు సంగతి కూడా రాశావు. "సరంగు గారింట్లో ఏడాదికొకరు, నలుగురూ రాళ్ళలా ఉన్నారు" అని. సరే అనుకుని, వేడి రొట్టె ఒకటి పట్టుకుని సరంగు పెళ్ళాం దగ్గరికి వెళ్ళాను. మనకంటే రెండు మేడల అవతల, పైన మూడో అంతస్తు. వెళ్ళేసరికి మెట్ల మీద కూర్చుని ఉంది, కూరగాయల సంచీ పక్కన పెట్టుకుని.

"ఇక్కడ కూర్చున్నావేం పిల్లా?" అన్నాను.

"మధ్యలో ఒకసారి కూర్చుంటే గానీ ఎక్కలేనమ్మా" అంది. మీ అక్కకంటే చిన్నది అది!

పక్కన కూర్చున్నాను. రొట్టె ఇచ్చాను. మెత్తటి భాగం తింది, అంచు పక్కన పెట్టింది. "అంచు బాగా కాల్చానే, తినవేం?" అన్నాను. నోరు తెరిచి చూపించింది. లోపల పళ్ళు కదులుతున్నాయి. "ఒకదాని వెంట ఒకటి కాన్పులయ్యాక ఇలా అయ్యాయి. డాక్టరుకి చూపించుకోమన్నారు, తీరికేది?" అంది.

"నీ నలుగురూ రాళ్ళలా ఉన్నారని మా అబ్బాయి తెగ మెచ్చుకున్నాడు" అన్నాను.

అది ఆ అంచు తీసి సంచీలో వేసుకుంది. తర్వాత, "ఐదుగురమ్మా" అంది. "మూడోవాడికీ ఇప్పుడున్న చిన్నదానికీ మధ్యలో ఒకడు. పుట్టి ఒక పూట ఉన్నాడు. ఈయన రేవుకొచ్చేలోపే అయిపోయింది. ఈయన ఎవరికీ చెప్పడు. నేనూ చెప్పను. అడిగినవాళ్ళకి నలుగురనే చెబుతాం."

విన్నావా? మీ సరంగు నీకు చెప్పిన లెక్కలో ఆ బిడ్డ లేడు. అందుకే ఆ లెక్క అంత నున్నగా ఉంది. ఈ మాట ఓడలో అనకు. ఆ పిల్ల నన్ను నమ్మి చెప్పింది. "మీవాడికి పనికొస్తే చెప్పమ్మా" అని తనే అంది కాబట్టి రాయిస్తున్నాను. సరంగుని చూస్తే మామూలుగానే ఉండు. వాడి కడుపులోనూ ఏదో ఉండే ఉంటుంది, అందుకే ఊరికే అందరి ఫోనులూ వింటున్నాడేమో.

"నీ సంగతేంటి, నువ్వేం పాటించావు?" అని అడుగుతావు. అడుగు. నీకూ మీ అక్కకీ నాలుగేళ్ళ ఎడం. అందులో నా తెలివి ఒక్క పిసరు లేదు. మీ నాన్న రాత్రంతా బట్టీ దగ్గర, పగలంతా గురక. ఆయన లేచేసరికి నేను దుకాణంలో. మా ఇద్దరం ఎదురుపడి మాట్లాడుకుందే తక్కువ. రొట్టెల పుణ్యమా అని నువ్వు నెలలు నిండి, వాగుతూ పుట్టావు. అందరికీ మొగుళ్ళు బేకరీలో పనిచెయ్యరు కాబట్టి దేవుడు ఆసుపత్రి పెట్టాడు.

ఇదిగో, అసలు మాట ఇక్కడ చెబుతాను. ముందే చెబితే మిగతాది చదవకుండా కాగితం సముద్రంలో పారేస్తావని ఇంతసేపూ ఆపాను.

నీ పెళ్ళానికి మళ్ళీ కడుపు రాకుండా లూపు వేయించాను. నేనే. పోయిన నెల పిట్టకి టీకా వేయించాలని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. టీకా అయ్యాక, పద ఇంకో పని ఉంది అని దీన్ని పక్క గదిలోకి తోశాను. "ఆయన్ని అడగాలి అత్తయ్యా" అంది. "వాణ్ణి అడిగేదేంటి, నేనున్నాను" అన్నాను. వద్దంది. గదమాయించాను. ఏడ్చింది. దీని తప్పు ఇసుమంత కూడా లేదు.

కలం ఆపేసింది మళ్ళీ. ఎందుకాపావు? రాయి. ఏడ్చానని రాయి.

సరే. రాసింది.

ఆ లూపు ఏళ్ళ తరబడి ఉంటుంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేస్తారు, తీశాక మళ్ళీ పిల్లలు పుడతారు. భయపడాల్సింది ఏమీ లేదని నర్సమ్మ నా తల మీద కొట్టినట్టు చెప్పింది. అది ఉన్నన్నాళ్ళూ నీ పెళ్ళాం తిని, పడుకుని, మాత్రలు మింగి, ఒంట్లో రక్తం పట్టించుకుంటుంది. మూడోది కావాలా వద్దా అన్నది అప్పుడు మీ ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి. నేను మధ్యలోకి రాను. రానంటే నమ్మవు, తెలుసు. కొంచెం వస్తాను.

కోపం వస్తే నా మీద పడు. ఉత్తరం మానేస్తావా, మానెయ్. ఇంటికి రానంటావా? ఆ మాట మాత్రం అనకు. కాన్పు సెలవు లేదని రావడం మానేస్తే, మామూలు సెలవుకి ఎవరొస్తారు, పిండి మూటల వాడా? వాడికి నీలం చొక్కా తప్ప ఏం ఉంది? ఈ ఓడ మనిషిని ఇంటికి పంపడానికి పసిబిడ్డని అడుగుతోందంటే, ఇంకో పని చూడు. రేవులో మరమ్మతుల షెడ్డు ఉంది. నీలాగా ఇంజను పని తెలిసినవాళ్ళు కావాలని వాళ్ళు ఏడుస్తున్నారు. రోజూ మధ్యాహ్నం రొట్టెలకి వచ్చి నన్ను అడుగుతున్నారు. జీతం తక్కువే. రోజూ సాయంత్రం ఇంటికి మాత్రం వస్తావు. పిట్ట ఒరిగిపోతే లేపి కూర్చోబెట్టే పని నీకిస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త. ఇంజను గదిలో తల తుడుచుకోకుండా చల్లగాలికి రాకు. గుండుగాడు ఈ కాగితం మీద చెయ్యి పెట్టాడు, ఆ నూనె మరక వాడిదే.

ఇట్లు,
నిన్ను కని, పెంచి, ఇప్పటికీ విసిగిపోని
అమ్మ

ఏమండీ,

అత్తయ్య చెప్పడం అయిపోయింది. కింద నా మాట రెండు ముక్కలు రాసుకుంటానన్నాను. "రాసుకో, నాకెలాగూ చదవడం రాదు" అని బట్టీ దగ్గరికి వెళ్ళింది.

పైనవన్నీ ఆవిడ అన్నవి అన్నట్టే రాశాను. ఒక్కటి మాత్రం నిజం కాదు. నేను ఏడవలేదు. ఆ గదిలోకి నన్నెవరూ తొయ్యలేదు. లూపు వేయించుకుంటానని నర్సమ్మని అడిగింది నేనే. అత్తయ్య బయట బల్ల మీద పిల్లలిద్దరినీ పెట్టుకుని కూర్చుంది. లోపల నేనేం చేయించుకున్నానో బయటికి వచ్చి చెప్పేదాకా ఆవిడకి తెలియదు. మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు అన్నాను. పిట్టని ఒళ్ళో సర్దుకుని, "నేను చేయించానని చెబుతా. నీ మీద అలిగితే వాడు ఏడాది మాట్లాడడు. నా మీద అలకంటావా, ఆకలేసేదాకానే" అంది.

అప్పుడు సరేనన్నాను. ఇవాళ నా చేత్తోనే అది రాస్తుంటే, నాకు సంబంధం లేని ఎవరి ఒంటి గురించో రాస్తున్నట్టు అనిపించింది. అందుకే ఇది.

మిమ్మల్ని అడగకుండా చేశాను. అడిగితే మీరు కాన్పు సెలవు గురించి చెబుతారు. మీరు ఇంకొన్ని రోజులు ఉంటారంటే నేను సరేననేస్తాను. అది నాకు తెలుసు. అందుకే అడగలేదు. పిట్ట ఊపిరి ఆగినప్పుడల్లా ఆ దీపం వెలిగేది కదా, ఇప్పటికీ వీధిలో ఏ బండి వెనక ఎర్రదీపం వెలిగినా దాని ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తున్నాను. ఇంకో బిడ్డని అలా చూడలేను.

మీరు ఎక్కువ రోజులు ఉండాలని నాకు లేదనుకోకండి. మీకంటే నాకే ఎక్కువ ఉంది. షెడ్డు మేస్త్రీతో మాట్లాడింది కూడా నేనే, అది కూడా అత్తయ్య తన మీదే వేసుకుంది. సెలవుకి రండి. వచ్చి ఒకసారి ఆయనతో మాట్లాడండి. కోపం ఉంటే దాన్ని కూడా వెంట తీసుకురండి, ఇక్కడే తిట్టండి, ఎదురుగా కూర్చుని వింటాను.

ఇది డబ్బాలో వేసి వచ్చాక అత్తయ్యకి చెబుతాను, ఏం రాశానో. తిడుతుంది.

ఇట్లు,
మీ ఇద్దరు పిల్లల తల్లి